బెంగళూరులో అనిమే ఫిగర్ కొనేటప్పుడు నేను చూసే వరస

బెంగళూరులో ఇప్పుడు అనిమే (జపాన్ యానిమేషన్) బొమ్మ దొరకని బజారు లేదు. మెజెస్టిక్‌లో మొబైల్ కవర్ల కొట్టు ముందు డ్రాగన్ బాల్ గోకూ వేలాడుతుంటాడు. కమర్షియల్ స్ట్రీట్‌లో గాజుల పక్కన వన్ పీస్ లూఫీ పళ్లికిలిస్తుంటాడు. మారతహళ్లి ఫ్యాన్సీ స్టోర్లలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే డీమన్ స్లేయర్ బొమ్మలు అరడజను ఒకే కవర్లో వస్తాయి. వీటికి లైసెన్సు లేదు. కానీ మూడు వందలకు ఇచ్చేవాడు జపాన్ సరుకని చెప్పడు, కొనేవాడూ అనుకోడు. అక్కడ నష్టపోయేది కొన్నవాడు కాదు, ఆ పాత్రని గీసినవాడు. కొన్నవాడు మునిగేది 1,500 నుంచి 4,000 రూపాయల మధ్య. అసలైన ప్రైజ్ ఫిగర్ (జపాన్ క్రేన్ గేముల్లో బహుమతిగా పెట్టే బొమ్మ) దొరికేదీ ఆ ధరకే, బాగా చేసిన నకిలీని అమ్మేదీ ఆ ధరకే. రెండూ ఒకే షెల్ఫ్‌లో భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి. ఆ షెల్ఫ్ ముందు నిలబడి ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

సగం పని ఇంట్లోనే అయిపోవాలి. "గోకూ బొమ్మ కావాలి" అని బయల్దేరితే కొట్టువాడు ఏది ఇస్తే అదే గోకూ. నేను నాలుగు వివరాలు ఫోన్లో పెట్టుకుని వెళ్తాను: చేసిన కంపెనీ, ఆ కంపెనీలో లైన్ పేరు, విడుదలైన నెల, జాన్ కోడ్ అనే 13 అంకెల బార్‌కోడ్ సంఖ్య. కంపెనీలు మరీ ఎక్కువేం కాదు. మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది బాన్‌ప్రెస్టో, ఇప్పుడది బందాయ్ స్పిరిట్స్ వాళ్ల బ్రాండు. గ్రాండిస్టా, కింగ్ ఆఫ్ ఆర్టిస్ట్, వైబ్రేషన్ స్టార్స్ దాని లైన్లే. సెగాకి లుమినాస్టా, తైతోకి కోర్‌ఫుల్, ఫుర్యూకి కప్పు నూడుల్స్ మూత మీద కూర్చోబెట్టే నూడుల్ స్టాపర్. ఖరీదైన వైపు వెళ్తే గుడ్ స్మైల్ కంపెనీ వాళ్ల పెద్ద తల చిన్న ఒంటి నెండొరాయిడ్, మ్యాక్స్ ఫ్యాక్టరీ చేసే ఫిగ్మా, బందాయ్ స్పిరిట్స్ వాళ్ల ఎస్.హెచ్. ఫిగువార్ట్స్, మెగాహౌస్ వాళ్ల పోర్ట్రెయిట్ ఆఫ్ పైరేట్స్, కొతొబుకియా వాళ్ల ఆర్ట్‌ఎఫ్‌ఎక్స్ జె, ఆ పైన ఆల్టర్ లాంటి వాళ్ల స్కేల్ ఫిగర్లు, అంటే పాత్ర ఎత్తుని ఒక నిష్పత్తిలో తగ్గించి చేసినవి. ఈ వివరాలన్నీ మైఫిగర్‌కలెక్షన్ అనే సైట్‌లో ఒక్కో ఫిగర్‌కి ఒక్కో పేజీగా ఉంటాయి. బార్‌కోడ్ సంఖ్య కొట్టినా పేజీ తెరుచుకుంటుంది. నకిలీ వచ్చిందని తెలిసిన ఫిగర్ అయితే ఆ పేజీలోనే హెచ్చరిక పెడతారు. కంపెనీ పెట్టిన ఫోటోలు, ముఖ్యంగా ముఖం దగ్గరి ఫోటో, వెనక జుట్టు, కింది బేస్, ఈ మూడూ దించి పెట్టుకుంటాను. లింకులు కాదు, ఫోటోలే. ఎందుకో కామిక్ కాన్ (కామిక్స్, అనిమే అభిమానుల మేళా) దగ్గరికొచ్చాక చెప్తాను.

తర్వాత ధర లెక్క. ఈ మధ్య యెన్ మన డబ్బుల్లో అరవై పైసలకు కాస్త అటూ ఇటూ ఉంటోంది. కొత్త నెండొరాయిడ్ జపాన్‌లోనే 5,000 నుంచి 7,000 యెన్ల దాకా ఉంది, అంటే అక్కడే మూడు నాలుగు వేల రూపాయలు. దాని మీద రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ, కొట్టువాడి లాభం. మరి బ్రిగేడ్ రోడ్డులో అదే నెండొరాయిడ్ 900కి ఎలా వస్తుంది? రాదు. ఏడో వంతు సైజు స్కేల్ ఫిగర్లు 18,000 యెన్ల నుంచి మొదలై 30,000 దాటుతున్నాయి. అలాంటిది 2,500కి పెట్టారంటే డబ్బా తిప్పి చూడటం కూడా దండగ.

ఈ లెక్క తేలిగ్గా కుదరనిది ప్రైజ్ ఫిగర్ల దగ్గరే. ఇవి జపాన్‌లో దుకాణంలో అమ్మడానికి చేసినవి కావు, క్రేన్ గేముల్లో పట్టుకునే బహుమతులు. అలాంటి బహుమతి విలువకి అక్కడ పరిమితి ఉంది: 2022 దాకా సుమారు 800 యెన్లు, ఆ తర్వాత 1,000. అందుకే వాటిలో పెయింటు తక్కువ, చేతులు కాళ్లు కదలవు, డబ్బా పలచన. గెలిచినవాళ్లు అమ్మేస్తే సెకండ్ హ్యాండ్ కొట్లలో చాలావాటికి 1,000 నుంచి 3,000 యెన్లు పలుకుతుంది, అక్కణ్నుంచి మన దాకా వస్తాయి. కాబట్టి ఇక్కడ 1,500 నుంచి 4,000 మధ్య అసలుది దొరకడంలో వింత లేదు. వింత లేదు గనకే నకిలీగాళ్లు కూడా ఆ ధరే పెడతారు. "చవగ్గా ఉంటే నకిలీ" అనే ఒక్క సూత్రం పట్టుకుని వెళ్లేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

కొట్లో మొదటి పని మాట్లాడటం. బెంగళూరు కొట్లలో తెలుగు బాగానే నడుస్తుంది, మొహమాటం అక్కర్లేదు.

"అన్నా, ఇది ఏ కంపెనీ?"

"ఇంపోర్టెడ్ బ్రో. బాక్స్ పీస్."

"బాన్‌ప్రెస్టోనా, సెగానా?"

"ఒరిజినల్ క్వాలిటీ బ్రో, పట్టుకుని చూడు, వెయిట్ ఉంటది."

దీంట్లో కంపెనీ పేరు ఎక్కడా లేదు. "ఒరిజినల్" అనడం వేరు, "ఒరిజినల్ క్వాలిటీ" అనడం వేరు. ఫస్ట్ కాపీ, చైనా వెర్షన్, ఓఈఎం, మాస్టర్ పీస్, ఇవన్నీ నకిలీకి పెట్టిన ముద్దుపేర్లు. "చైనా వెర్షన్" అంటే చైనాలో అమ్మడానికి లైసెన్సుతో చేసిన ఎడిషన్ అని కొందరు అనుకుంటారు. కొట్టువాడికి కావాల్సిందీ మీరలా అనుకోవడమే. అసలు సరుకు పెట్టేవాడికి కంపెనీ పేరు, లైన్ పేరు నోటికొచ్చి ఉంటాయి. ఏ నెలలో వచ్చిందో, తర్వాతి లాట్ ఎప్పుడో మీరు అడక్కముందే చెప్తాడు. అది వాడి వ్యాపారం.

అలాగని "మేడ్ ఇన్ చైనా" చూసి బెదరకండి. జపాన్ కంపెనీల ఫిగర్లలో అత్యధికం చైనాలోనే తయారవుతాయి, ఇప్పుడు కొన్ని వియత్నాంలో కూడా. గుడ్ స్మైల్‌కి జపాన్‌లో తొత్తొరి ప్రాంతంలో సొంత ఫ్యాక్టరీ ఉంది కానీ అక్కణ్నుంచి వచ్చేవి కొన్నే. డబ్బా మీద "మేడ్ ఇన్ చైనా" ఉండటం దేనికీ రుజువు కాదు. "మేడ్ ఇన్ జపాన్" అని పెద్దక్షరాలతో ఉన్న ప్రైజ్ ఫిగర్ కనిపిస్తేనే నాకు అనుమానం. గన్‌ప్లా (గండమ్ రోబోల) మోడల్ కిట్లు వేరే సంగతి, బందాయ్ వాటిని షిజువోకాలోనే అచ్చు పోస్తుంది. ఆ కిట్లలో ముక్కలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద బందాయ్ పేరు ఉబ్బెత్తుగా పోసి ఉంటుంది. అది లేకపోతే ఇంకేమీ చూడక్కర్లేదు.

ఇక డబ్బా. ముందు కాపీరైట్ గీత చూస్తాను. డబ్బా వెనకో అడుగునో సీ గుర్తు తర్వాత చిన్న జపనీస్ అక్షరాల్లో ఒక వరస ఉంటుంది. ప్రతి సిరీస్‌కీ ఆ వరస దానిదే. వన్ పీస్ అయితే గీసిన ఓడా ఎయిచిరో, ప్రచురించిన షుయేషా, ఫుజీ టెలివిజన్, అనిమే తీసిన తోయే యానిమేషన్. డ్రాగన్ బాల్ అయితే బర్డ్ స్టూడియో, షుయేషా, తోయే. నరుటో అయితే కిషిమొతో పేరు, షుయేషా, టీవీ టోక్యో, పియెరో. డీమన్ స్లేయర్ అయితే గోతోగే, షుయేషా, అనిప్లెక్స్, యుఫోటేబుల్. అటాక్ ఆన్ టైటన్ షుయేషాది కాదు, కోదాన్షాది. జపనీస్ రానక్కర్లేదు, ఫోన్లో అనువాదం చేసే కెమెరా తెరిచి ఆ గీత మీద పెడితే పేర్లు వచ్చేస్తాయి. నకిలీ డబ్బాల్లో రెండు రకాలు. కొన్నిటి మీద ఆ గీతే ఉండదు, కంపెనీ లోగో ఉండాల్సిన చోట ఖాళీగానో, లోగో లాంటిది ఇంకేదో గానో ఉంటుంది. రెండో రకంలో అసలు డబ్బాని స్కాన్ చేసి మళ్లీ ముద్రిస్తారు. పెద్దక్షరాలు బాగానే వస్తాయి, ఈ చిన్న అక్షరాలు మాత్రం అలుక్కుపోయి కెమెరాకి చిక్కవు, చిక్కినా అర్థం లేని ముక్కలు వస్తాయి. రంగు కూడా మారుతుంది. స్కాన్ చేసిన డబ్బాలో చర్మం రంగు గులాబీ వైపు జరుగుతుంది, నలుపు బూడిదగా తేలుతుంది. ఫోన్లో పెట్టుకున్న ఫోటో పక్కన పెడితే పట్టేయొచ్చు.

లోగోల్లోనూ కాలం ఉంది. బందాయ్ స్పిరిట్స్ ఏర్పడింది 2018లో. దాని లోగో నీలం, బందాయ్‌ది ఎరుపు. బందాయ్ నామ్కో గ్రూపు 2022 ఏప్రిల్‌లో కొత్త లోగోకి మారింది, మాటల బుడగ ఆకారంలో ఉంటుంది. 2016 నాటి ఫిగర్ అని చెప్పి ఇచ్చిన డబ్బా మీద ఈ బుడగ ఉంటే, అది తర్వాత మళ్లీ విడుదలైనదా అని పేజీలో చూస్తాను. మళ్లీ విడుదల కాకపోతే డబ్బా కింద పెట్టేస్తాను.

స్టిక్కర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం దీన్నే నమ్ముతారు. వన్ పీస్, డ్రాగన్ బాల్, సైలర్ మూన్ లాంటి తోయే సిరీస్‌ల సరుకు మీద గోరంత హాలోగ్రామ్ స్టిక్కర్ ఒకటి ఉంటుంది, అందులో పిల్లి ముఖం. ఆ పిల్లి పేరు పెరో, తోయే వాళ్ల గుర్తు. ట్యూబ్‌లైట్ కింద డబ్బాని నెమ్మదిగా వంచితే స్టిక్కర్ రంగు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జారాలి, పిల్లి గీతలు మాత్రం కదలకుండా పదునుగా ఉండాలి. నకిలీ స్టిక్కర్ మొత్తం ఒక్కసారే తళుక్కుమంటుంది, చాక్లెట్ రేకు లాగా. పిల్లి కళ్లు చుక్కలైపోతాయి, కింది అక్షరాలు గీతలైపోతాయి. అంచులు కూడా చూడండి: అసలుది శుభ్రంగా కోసి ఉంటుంది, నకిలీది కొంచెం వంకరగా అతికించి, ఒక మూల అప్పుడే లేస్తూ ఉంటుంది. ఇంకొక సంగతి ఈ ఊళ్లో తరచుగా పనికొస్తుంది. నరుటో తోయేది కాదు, డీమన్ స్లేయర్ కాదు, జుజుత్సు కైసెన్ కాదు. ఆ డబ్బాల మీద పిల్లి కూర్చుందంటే, స్టిక్కర్ ఎంత అందంగా ఉన్నా సరే, అది రోల్ కొద్దీ కొన్న స్టిక్కర్. స్టిక్కర్ ఉందని సరుకుని నమ్మకూడదు, లేదని వెంటనే కొట్టేయకూడదు. తీసుకొచ్చిన దారిని బట్టి, సెకండ్ హ్యాండ్ అయితే పాత యజమాని చేతివాటాన్ని బట్టి ఊడిపోయి ఉండొచ్చు కూడా.

బార్‌కోడ్ సంఖ్య 45తోనో 49తోనో మొదలైతే ఆ కోడ్ జపాన్‌లో నమోదైనది. 69తో మొదలైతే చైనాలో. ఇది సరుకు ఎక్కడ తయారైందో చెప్పదు, కోడ్ తీసుకున్న కంపెనీ ఎక్కడిదో చెప్తుంది. జపాన్ కంపెనీ పేరుండి 69తో మొదలైతే ఆగి ఆలోచించాలి. 45, 49 ఉన్నా సంఖ్య మొత్తం కొట్టి చూడాలి, ఎందుకంటే అంకెలు కాపీ కొట్టడం అన్నిటికన్నా సులువు. బద్ధకం గల నకిలీగాడు ఒకే బార్‌కోడ్‌ని అన్ని డబ్బాల మీదా వేస్తాడు. షెల్ఫ్‌లో నరుటో ఇటాచీ డబ్బా, వన్ పీస్ జోరో డబ్బా తీసి కింద అంకెలు పోల్చండి. వేరే వేరే సిరీస్‌ల బొమ్మలకి ఒకే సంఖ్య ఉంటే ఆ షెల్ఫ్ మొత్తం అంతే. నెండొరాయిడ్‌కి ఇంకా తేలిక: 2006లో మొదలైనప్పటి నుంచి ఒక్కో దానికి వరస సంఖ్య ఉంది, డబ్బా మీద కనిపిస్తుంది. గుడ్ స్మైల్ సైట్‌లో ఆ సంఖ్యకి వేరే పాత్ర వస్తే కథ ముగిసింది.

మన దేశపు స్టిక్కర్ కూడా చూస్తాను. ప్యాక్ చేసిన దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, నెల-సంవత్సరం, ఫిర్యాదుకి నంబరు ఉండాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెప్తాయి. ఈ స్టిక్కర్ అసలుతనానికి రుజువు కాదు, నకిలీని కూడా స్టిక్కర్ వేసి అమ్మొచ్చు. కానీ రేపు గొడవ వస్తే ఎవరి పేరు మీద ఫిర్యాదు చేయాలో దీంట్లో ఉంటుంది. సూట్‌కేసులో తెచ్చి అమ్మే చిన్న కలెక్టర్ల దగ్గర ఇది ఉండదు, వాళ్ల దగ్గర సరుకు నిజమైనదే అయినా సరే. అప్పుడు బిల్లు మీద, మనిషి మీద ఆధారపడాలి.

డబ్బాకి కిటికీ ఉంటే ముఖం చూస్తాను. దీన్ని మించిన పరీక్ష లేదు. ఫోన్ కెమెరాని మ్యాక్రోలో పెట్టి కళ్లని తెర నిండా తీసుకోండి. అసలు ఫిగర్ కళ్లు ప్యాడ్‌తో ఒక్కో రంగూ విడివిడిగా అద్దినవి: పై రెప్ప గీత, కనుపాప, దాంట్లో ముదురు నుంచి లేతకి దిగే రంగు, చివర తెల్లటి మెరుపు చుక్క. ప్రతి పొర అంచూ బ్లేడుతో గీసినట్టు ఉంటుంది. నకిలీలో ఏదో ఒక పొర జరిగిపోతుంది. తెల్లచుక్క కనుపాప దాటి రెప్ప మీదికి ఎక్కుతుంది, లేదా రెండు కళ్లూ రెండు దిక్కులు చూస్తాయి. దూరం నుంచి "ఏదో తేడాగా ఉంది" అనిపించేది అందుకే. తర్వాత జుట్టు. అసలుదాంట్లో మొనల వైపు రంగు కొంచెం ముదిరి మొనలు సన్నగా తేలతాయి. నకిలీలో రంగు ఒకటే, మొనలు మొద్దుగా, రెండు అచ్చులు కలిసిన అతుకు గీత జుట్టు పక్కగా చెవి దాకా దిగుతుంది. చర్మం మీద వెలుగు పడితే అసలుది మెత్తగా, మెరుపు లేకుండా ఉంటుంది. నకిలీది నూనె రాసినట్టు మెరుస్తుంది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నకిలీ ఫిగర్ చాలాసార్లు అసలు ఫిగర్ నుంచే తీసిన అచ్చు. అచ్చు నుంచి అచ్చు తీసేకొద్దీ వివరం కరుగుతుంది, పోసిన ప్లాస్టిక్ చల్లారాక కొద్దిగా కుంచించుకుపోతుంది. అందుకే వేళ్ల మధ్య సందులు పూడిపోతాయి, కత్తి పిడి మీది అల్లిక నునుపైపోతుంది, మొత్తం ఎత్తు పేజీలో రాసినదానికన్నా కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. పెయింటు వేసేటప్పుడు వాడే ముసుగులు అసలు కంపెనీవి కావు గనుక కాలర్, బెల్టు, చెప్పుల పట్టీ దగ్గర రంగు గీత దాటుతుంది. నేను ముందు వెతికేది ఆ మూడు చోట్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అసలు ప్రైజ్ ఫిగర్‌లోనూ పెయింటు తప్పులుంటాయి. ఒక చుక్క పక్కకి జారిందనో, అతుకు కనిపించిందనో దాన్ని నకిలీ అనేస్తే కొట్టువాడితో అనవసరంగా పోట్లాట. కాపీరైట్ గీత, బార్‌కోడ్, ముఖం, ఈ మూడింట్లో రెండు తప్పితేనే నేను తిరిగి పెట్టేస్తాను. ఒక్క ముఖమే పూర్తిగా తప్పితే మాత్రం మిగతావి చూడను.

బాన్‌ప్రెస్టో డబ్బాల్లో చాలావాటికి కిటికీ ఉండదు. షోకేసులో తెరిచి పెట్టిన పీసు అసలుదై, చేతికిచ్చే సీలు డబ్బాలో ఇంకోటి ఉండే అవకాశం ఉంది. డబ్బు కట్టాక కౌంటర్ మీదే తెరుస్తానని ముందే చెప్పి, తేడా ఉంటే వెనక్కి తీసుకుంటారా అని అడుగుతాను. "తెరిస్తే రిటర్న్ లేదు" అనడం తప్పు కాదు, సీలు పోతే అసలు సరుకుకీ విలువ తగ్గుతుంది. కానీ "మీ ముందే తెరవండి, బొమ్మ నకిలీ అయితే డబ్బు ఇచ్చేస్తా" అనడానికి కూడా నీళ్లు నమిలితే, సీలు మీద ప్రేమ కాదది.

కామిక్ కాన్ సంగతి. బెంగళూరు కామిక్ కాన్ కొన్నేళ్లుగా వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ఎగ్జిబిషన్ హాల్లో జరుగుతోంది. అంత జనంలో ఫోన్‌కి సిగ్నల్ దొరకదు, పేజీ తెరుచుకోదు, బార్‌కోడ్ కొట్టినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఫోటోలు దించుకోమన్నది అందుకే. స్టాల్ లైట్లు పసుపుగా ఉంటే చర్మం రంగు మోసం చేస్తుంది, ఫోన్ టార్చి వేసుకునే చూడండి. స్టాల్ పెట్టారు కదా, నిర్వాహకులు చూసే ఉంటారులే అనుకోవద్దు. అదే హాల్లో చిన్న ఆర్టిస్టులు తాము గీసిన బొమ్మల ప్రింట్లు, స్టిక్కర్లు అమ్ముతుంటారు. వాటికీ లైసెన్సు ఉండకపోవచ్చు, కానీ వాళ్లు దాన్ని బందాయ్ సరుకని చెప్పట్లేదు, తమ గీత అనే అమ్ముతున్నారు. నా మటుకు నాకు ఆ రెండూ ఒకే గాటన కట్టాల్సినవి కావు.

ఈ మధ్య ఎక్కువైన ఇంకో రకం జీకే (గ్యారేజ్ కిట్) బొమ్మలు. వెలుగులు చిమ్మే బేస్ మీద అడుగు ఎత్తున సుసానో అనే మాయా కవచం వేసుకున్న ఇటాచీ, ఎల్‌ఈడీ పెట్టిన గోకూ. ఇవి చాలావరకు ఏ కంపెనీ ఫిగర్‌కీ నకళ్లు కావు. లైసెన్సు లేకుండా ఎవరో కొత్తగా చెక్కి, పీవీసీలోనో రెసిన్‌లోనో పోసినవి. పోల్చడానికి అసలు లేదు గనుక ముఖం పరీక్ష ఇక్కడ పారదు. కంపెనీ పేరు అడగడం ఒక్కటే దారి. చూడ్డానికి బాగుంటాయి, నచ్చితే కొనుక్కోండి, కానీ అధికారిక సరుకు ధర కట్టి కాదు. తర్వాత అమ్మబోతే తెలిసినవాళ్లెవరూ ఆ ధర ఇవ్వరు.

ఇంటికొచ్చాక, ముఖ్యంగా కొరియర్‌లో వస్తే, డబ్బా తెరిచేది వీడియో తీస్తాను. కొరియర్ చీటీ మీది పేరు, నంబరు కనిపించేలా మొదలుపెట్టి, చివరి ముక్క బయటికొచ్చేదాకా ఆపకుండా ఒకే టేక్. మధ్యలో ఆపితే "మార్చేశారు" అంటారు. అసలు ప్రైజ్ ఫిగర్ ముక్కలుగా వస్తుంది: నడుం, చేయి, జుట్టు, బేస్. పెగ్గు (ముక్క చివర ఉండే చిన్న కాడ) రంధ్రంలో కొంచెం బిగువుగా దిగి, సందు లేకుండా కూర్చుంటుంది. బిగువు మరీ ఎక్కువైతే ఆ ముక్కని గోరువెచ్చని నీళ్లలో ఒక నిమిషం ఉంచండి, పీవీసీ మెత్తబడుతుంది. బలంగా నొక్కితే పెగ్గు విరిగి లోపలే ఉండిపోతుంది. నకిలీలో పెగ్గు ఆకారమే రంధ్రానికి సరిపోదు, ఒకటి చతురస్రం, ఇంకోటి అరిగిన గుండ్రం. నెండొరాయిడ్ అయితే ముందు జుట్టు తీసి ముఖం మార్చి చూడండి. అసలుదాంట్లో జుట్టు తిరిగి పెట్టగానే నుదుటి మీద సందు ఉండదు. నకిలీలో మిల్లీమీటరు తేడా మిగిలిపోతుంది, తల బరువుకి మెడ వెనక్కి వాలుతుంది. బేస్ అడుగున గానీ పాదం కింద గానీ కాపీరైట్ అక్షరాలు ఉంటాయి, డబ్బా మీది గీతతో కలవాలి.

వాసన కూడా పనికొస్తుంది. కొత్త పీవీసీకి కొంచెం వాసన సహజం, ఒక పూట గాలికి పెడితే పోతుంది. కిరోసిన్ లాంటి ఘాటు రోజుల తరబడి పోకపోతే ఆ పెయింటు ఏమిటో ఎవరికీ తెలియదు. చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు. ఇంట్లో పాకే పాప ఉంటే అసలు ఫిగర్ కూడా ఇవ్వకూడదు, చాలావాటి డబ్బా మీద 15 ఏళ్లు పైబడినవారికి అనే ఉంటుంది. పాత ఫిగర్ జిగటగా తగిలితే అది నకిలీ గుర్తు కాదు. పీవీసీలో కలిపిన మెత్తబరిచే పదార్థం పైకి తేలితే అసలుదీ అలాగే అవుతుంది, మూసిన డబ్బాలో ఏళ్లు ఉంచితే ఇంకా ఎక్కువ. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని బ్రష్‌తో కడిగితే పోతుంది. చెన్నైలో ఉండే మిత్రులకి ఈ బెడద మనకన్నా ఎక్కువ.

కార్డులూ కీచైన్ల మీద రెండు ముక్కలు. ఫ్యాన్సీ స్టోర్లలో 150, 200కి 55 వచ్చే బంగారు రంగు పోకెమాన్ కార్డుల సెట్లు మొత్తం నకిలీవే, అసలువి ఆ రూపంలో కట్టలుగా రావు. మామూలు కార్డు కొలత 63 మిల్లీమీటర్లకి 88. అసలు కార్డు మందంలో ముదురు రంగు పొర ఒకటి ఉంటుంది, వెనక టార్చి పెడితే వెలుగు బాగా ఆగుతుంది. నకిలీ నుంచి వెలుగు తేలిగ్గా దూరి వస్తుంది. అక్రిలిక్ కీచైన్‌కి కాపీరైట్ గీత బొమ్మ అంచునే చిన్నగా ముద్రించి ఉంటుంది. అది లేకపోతే ఫ్యాన్ చేసినదో, నకిలీదో.

ఆన్‌లైన్‌లో పెద్ద సైట్లలో ముందు బ్రాండ్ గడి చూడండి. అక్కడ "జెనరిక్" అని ఉండి, పేరులో మాత్రం "అనిమే యాక్షన్ ఫిగర్, 18 సెం.మీ., మల్టీకలర్" అని ఉంటే వాళ్లే నిజం ఒప్పుకున్నట్టు. ఫోటో కంపెనీదే పెడతారు, కాబట్టి ఫోటోతో పని లేదు. కొన్నవాళ్లు సమీక్షల్లో పెట్టిన ఫోటోల్లో కళ్లు చూడండి. ఇన్‌స్టా పేజీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో సెకండ్ హ్యాండ్ కొంటే నేను అడిగేవి ఇవే: ఈ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసిన ఫోటో, బేస్ అడుగు, డబ్బా వెనక, బార్‌కోడ్, ముఖం దగ్గరగా. అసలు ఉన్నవాడు ఐదు నిమిషాల్లో పంపుతాడు, ఉత్సాహంగా ఇంకో పది కలిపి మరీ పంపుతాడు. "బయట ఉన్నా బ్రో, రేపు పంపిస్తా, ఈలోపు టోకెన్ అడ్వాన్స్ వేసెయ్" అంటే టోకెన్ వేయొద్దు. జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లకి అమీఅమీ, మందరాకే లాంటి చోట్ల సరుకు గురించి బెంగ అక్కర్లేదు, సుంకం లెక్క మాత్రం ముందే వేసుకోండి. గుడ్ స్మైల్ వాళ్లు తమ సైట్‌లో భాగస్వామి దుకాణాల జాబితా పెట్టారు, అమ్మేవాడు అందులో ఉన్నాడో లేదో చూడటానికి నిమిషం పట్టదు.

నకిలీ అంటగట్టినట్టు తేలితే ముందు అమ్మినవాడికి రాతపూర్వకంగా చెప్పండి. వాట్సాప్ చాలు, ఫోన్లో మాటలు నిలవవు. బిల్లు, వీడియో, అసలుదీ మీదీ పక్కపక్కన పెట్టిన ఫోటో, "ఒరిజినల్" అని వాళ్లు రాసిన మెసేజ్ స్క్రీన్‌షాట్, ఈ నాలుగూ జతచేయండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్ సైట్లతో పని చాలావరకు అక్కడే తేలుతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే జిల్లాలోనే, అంటే బెంగళూరులోనే కేసు వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. అయితే ఫిర్యాదులో ఎదుటివాడి పేరు, చిరునామా రాయాలి. ఇన్‌స్టా పేరు, యూపీఐ ఐడీ తప్ప ఏమీ లేనివాడి మీద నోటీసు ఎక్కడికి పంపుతారు? అందుకని డబ్బు వేసే ముందే బిల్లు ఇస్తారా, దాని మీద జీఎస్‌టీ నంబరు, చిరునామా ఉంటాయా అని అడిగేస్తాను. డబ్బు తీసుకుని అసలు ఏమీ పంపకపోతే అది వేరే దారి, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.